బస్తాకు రేటుంది, పద్యానికి లేదు

మన పత్రికల్లో నాటకాన్ని గురించి వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ తెర లేచిన తరువాత జరిగే దాన్ని గురించే. ఇతివృత్తం ప్రగతిశీలమా కాదా, పాత్రపోషణ ఎట్లా వుంది, రంగాలంకరణ కథకు నప్పిందా లేదా - ఇంతవరకే మన విమర్శ. తెర లేవడానికి నెల రోజుల ముందు, ఒక గదిలో, హార్మోనియం పెట్టె ముందు, పాత్ర కోసం వచ్చి చేతులు కట్టుకుని నిలుచున్న మనిషిని గురించి మనం రాయలేదు. అతను ఎక్కడినుంచి వచ్చాడు, బస్సు చార్జీ ఎవరు పెట్టుకున్నారు, పాడించుకుని పంపించేసిన తరువాత అతనికి కబురు చేసే బాధ్యత ఎవరిది, రేపు తెర మీద పాడితే రాత్రికి ఎంత ముడుతుంది, ఎప్పుడు ముడుతుంది - ఇవి సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నలు కావని మనకొక అభిప్రాయం వున్నట్టుంది. పాత్ర ఏ వర్గానికి చెందిందో అంత పట్టుదలగా వెతికే మనం, ఆ పాత్ర ధరించే మనిషిది ఏ వర్గమో ఎందుకు అడగం?

నేను సూర్యాపేటలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. తరగతి గదిలో పద్యానికి ప్రతిపదార్థం వుంటుంది, తాత్పర్యం వుంటుంది, ఛందస్సు వుంటుంది. గొంతు మాత్రం వుండదు. ఎం.ఏ. చదివే రోజుల్లో తిరుపతి వేంకట కవుల నాటకాలను గురించి పరీక్షలో పది పుటలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. కాని ఆ పద్యాలు రాత్రి రెండు గంటల వేళ, జాతర మైకులో, నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్న రైతుల మధ్య ఎట్లా వినబడతాయో చూసిన తరువాతనే ఆ కవులు నాకు అర్థమయ్యారు. ఆ మోజులోనే నేనూ పద్యం నేర్చుకున్నాను. కోదాడలో, మిర్యాలగూడలో, మా సూర్యాపేటలో నాలుగైదు సార్లు ఎంపికకు నిలబడ్డాను. రెండుసార్లు చిన్న పాత్రలు దొరికాయి. నాకు నెల జీతం వుంది గనుక దొరకకపోయినా నష్టం లేదు. నా పక్కన నిలబడ్డవాళ్ల సంగతి అది కాదు.

ఈ మూడు ఊళ్లను కలిపి చెప్పడానికి కారణం వుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలో పడ్డాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే వుండిపోయింది. నాటకాలవాళ్లకు ఈ గీత లేదు. హార్మోనిస్టు ఒక ఊళ్లో వుంటే తబలా ఇంకొక ఊళ్లో వుంటుంది, డ్రెస్సులవాడు మూడో ఊళ్లో. విజయవాడ రోడ్డు మీద మావైపు చివరి పట్నం కోదాడ. పద్య నాటకం మా పల్లెలకు ఆ రోడ్డు మీదనే వచ్చిందని నా ఊహ. కోదాడ పక్కనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం వున్నా, తాను మాత్రం బ్రిటిషు ఇలాకాలో, కృష్ణా జిల్లా కింద వుండేది. నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో. ఆ కిటికీలోనుంచి మావైపుకు పత్రికలు వచ్చాయి, రైతు సంఘం వచ్చింది, దాని వెనకనే బెజవాడ నాటకమూ వచ్చివుంటుంది.

ఇప్పుడు ఎంపిక ఎట్లా జరుగుతుందో చెబుతాను. మేళ్లచెరువులో శివరాత్రికి పెద్ద జాతర, ఎడ్ల బండలాగుడు పందాలు. జాతరల రోజులు దగ్గరపడుతున్నాయంటే కోదాడలో నాటకాల బేరం మొదలవుతుంది. నేను చూసిన ఒక ఎంపిక, బట్టల దుకాణం మేడ మీద, సరుకు తీసేసిన ఒక గదిలో జరిగింది. నాటకం హరిశ్చంద్ర. ప్రధాన పాత్రకు పేరున్న నటుణ్ణి గుంటూరు వైపునుంచి ముందే మాట్లాడుకున్నారు. మిగిలిన చిన్న పాత్రలకు పద్నాలుగుమంది వచ్చారు: ఒక దర్జీ, ఇద్దరు ఆటో నడిపేవాళ్లు, గ్రామ పంచాయతీలో పంపు వదిలే మనిషి, ప్రయివేటు బళ్లో చెప్పే పంతులొకాయన, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసే హమాలీ ఒకాయన, నేను. నక్షత్రకుడి పాత్ర అప్పటికే చందా ఎక్కువ రాసినాయన బావమరిదికి పోయింది. అప్పు వసూలుకు వెంటబడి తిరిగే పాత్ర గనుక అది కొంతవరకు సబబేనని పంతులుగారు నా చెవిలో అన్నాడు.

హార్మోనిస్టు అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, “శ్రుతి ఎంత?” అని. నాలుగనో, నాలుగున్నర అనో, అయిదనో చెప్పాలి. పేరున్న నటుడు తన శ్రుతి చెప్పి నిలబడతాడు, పెట్టె అతని వెంట నడుస్తుంది. చిన్న పాత్రలవాడికి ఆ స్వేచ్ఛ లేదు. “హరిశ్చంద్రుడు అయిదులో పాడతడు, నువ్వు గూడ అయిదులనే అందుకోవాలె” అంటారు. అందుకోలేకపోతే గొంతు చాలదంటారు. నిజానికి చాలనిది గొంతు కాదు. అతని గొంతు వున్నచోట పెట్టె లేదు, అంతే. ఒక్కొక్కరికి ఒక్క పద్యం. రెండో పాదం దగ్గర ఆయన చేయి ఎత్తితే ఆపి దిగిపోవాలి. “కబురు చేస్తం” అంటారు. కబురు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. పద్నాలుగుమందిలో తొమ్మిదిమంది ఆ పూట కూలి వదులుకుని వచ్చినవాళ్లే. ఎంపిక అయిన అయిదుగురికి కూడా ఎంత ఇస్తారో ఆ గదిలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ గోడ మీదనే డ్రెస్సుల కంపెనీవాడు పంపిన కాగితం ఒకటి అంటించి వుంది: కిరీటానికి ఇంత, గదకు ఇంత, విగ్గుకు ఇంత, పోతే ఇంత జరిమానా.

ఈ పద్ధతిని మావాళ్లు కంట్రాక్టు నాటకం అంటారు. మాటా కొత్తది కాదు, పద్ధతీ కొత్తది కాదు. ఒకే ఊళ్లో వుండి నెలల తరబడి కలిసి సాధన చేసే నాటక సమాజాలు గత శతాబ్దంలో ఆర్థికంగా కుంగిపోయిన కొద్దీ కంట్రాక్టరు ముందుకు వచ్చాడు. పేరున్న నటులను తలా ఒక ఊరినుంచి ఒక్క రాత్రికి పిలిపించేవాడు. ఒకే నాటకంలో, ఒకే రాత్రి, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు. అర్జునుడు తన బావను మొదటిసారి చూసేది మేకప్ గదిలోనే. కలిసి సాధన లేదు గనుక నాటకం నాటకంగా వుండదు. ఎవరి పద్యం వారిది, ఎవరి రాగం వారిది, ఎవరి చప్పట్లు వారివి.

ఇక్కడ మన విమర్శకులతో నాకొక పేచీ వుంది. పద్య నాటకంలో రాగాన్ని సాగదీయడాన్ని వాళ్లు ఎంతోకాలంగా తిడుతూ వచ్చారు. అది నటుల అహంకారమనీ, ప్రేక్షకుల అభిరుచి లోపమనీ తేల్చారు. పద్యం అర్థం మింగి రాగం బతుకుతున్నదని వాళ్లన్న మాట అబద్ధం కాదు. కాని కారణం వెతకవలసిన చోట వెతకలేదు. నెల జీతం లేనివాడు, వచ్చే జాతరకు పిలుపు వస్తుందో రాదో తెలియనివాడు, ఆ పిలుపు ఈ రాత్రి వచ్చే వన్స్ మోర్ మీద ఆధారపడినవాడు రాగం తీయక ఏం చేస్తాడు? ముక్కకింత అని కూలి కట్టిన చోట పనివాడు ముక్కలు పెంచుతాడు. రంగస్థలం మీద అతను పెంచగలిగింది తానం ఒక్కటే. శైలి అని మనం పేరు పెట్టినదాని వెనక కూలి పద్ధతి వుందేమో చూడాలి. అదే ఒత్తిడి మేలు చేసిన సందర్భాలూ లేకపోలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనులోకి జాషువా శ్మశానవాటి పద్యాలను తెచ్చి నిలబెట్టింది నటులే గాని పండితులు కాదు. ప్రేక్షకుడి గుండె ఎక్కడ పట్టుబడుతుందో తెలుసుకోవలసిన అవసరం పండితుడికంటె వాళ్లకే ఎక్కువ.

ఆ పద్నాలుగుమందిలో హమాలీ అని చెప్పాను. నేను ఆయన్ని అన్నా అంటాను. ఆయన నన్ను వయసులో చిన్నవాణ్ణయినా సారు అంటాడు. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. పగలంతా ఆయన బతుకు వడ్ల బస్తాల కింద. రాత్రి దొరికినప్పుడు వీరబాహుడి పాత్ర. నల్లని భారీ మనిషి, కర్ర పట్టుకుని కాటి సీనులో అడుగు పెడితే పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుంటారు. ఆయన మెడ మీద బస్తా మోసిన కాయ ఒకటి వుంది, దాని మీద మేకప్ నిలవదు.

ఈయన హమాలీ సంఘంలో సభ్యుడు. ఊరికే సభ్యుడు కాదు, రేట్ల మాటలకు పోయే నలుగురిలో ఒకడు. లారీ మీదినుంచి దిగుమతికి ఒక రేటు, ఎగుమతికి ఒక రేటు, నెట్టు కట్టడానికి ఇంకొక రేటు. నెట్టు ఎత్తు పెరిగితే రేటు పెరగాలి. మిల్లర్ల సంఘంవాళ్లు ఒకవైపు, వీళ్లు ఒకవైపు కూర్చుని, కాగితం రాసుకుని, ఇన్నాళ్లవరకు ఇది అమలు అని సంతకాలు పెట్టుకుంటారు. గడువు దాటినా కొత్త రేట్లు తేల్చకపోతే కొక్కేలు కింద పెడతారు. మిల్లు ముందు లారీల వరస పెరుగుతుంది, అప్పుడు మాటలు మొదలవుతాయి. ఇదంతా ఆయన చెబుతుంటే ఒక అర్థశాస్త్ర పాఠం విన్నట్టు వుంటుంది. అటువంటి మనిషి కోదాడ మేడ మీద గదిలో నోరు మెదపలేదు. ఆ రాత్రి నాటకానికి ఆయన చేతిలో పెట్టింది ఆయన ఆ పగలు పోగొట్టుకున్న కూలికి సరిపోలేదు. దానికి పైన ఒక కొబ్బరికాయ.

తిరుగు బస్సులో ఆయన్ని అడిగాను. పగలు అట్లా బేరమాడే మనిషివి, రాత్రి ఎందుకు అడగవన్నా అని.

“బస్తా కాడ నేను ఒక్కన్నే కాదు గద సారు. నేను దించనంటే పక్కోడు గూడ దించడు. పద్యం కాడ నేను రానంటే పక్కోడు తయారుగ ఉంటడు. ఆని శ్రుతి నాకంటె మంచిగుంటది గూడ.”

కొంతసేపు కిటికీలోనుంచి చూసి మళ్లీ అన్నాడు: “ఇంకోటి సారు. మిల్లుల అడుగుతే హక్కంటరు. ఈడ అడుగుతే కక్కుర్తంటరు.”

మొదటి మాట సులువుగా అర్థమవుతుంది. సంఘం లేని చోట పోటీ వుంటుంది, పోటీ వున్నచోట కూలి పడిపోతుంది. మన పాఠ్యగ్రంథాల్లో వున్నదే. రెండో మాట నన్ను చాలాకాలం వదలలేదు. కళకు ధర అడగడం నీచమన్న భావం ఈ శ్రమజీవికి ఎవరు నేర్పారు? పోనీ, ధర అనే మాటే అక్కడ నిషిద్ధమా అంటే, ఆయన ఆడుతున్న నాటకమే మనుషుల అమ్మకాన్ని గురించినది. కాశీ నడివీధిలో చంద్రమతికి వెల కడతారు, హరిశ్చంద్రుణ్ణి వీరబాహుడు వెల ఇచ్చి కొంటాడు. ఆ అంకెలు మైకులో అందరికీ వినబడతాయి. ఆ వీరబాహుడికే తన రాత్రి కూలి ఎంతో తెలియదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఒకప్పుడు స్త్రీ పాత్రలు మగవాళ్లే ధరించేవారు. స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చింది ఆ నటనకే. ఇప్పుడు చంద్రమతికి స్త్రీలనే పిలుస్తారు, మావైపు గొంతున్న ఆడవాళ్లు తక్కువ గనుక దూరంనుంచి కూడా వస్తారు. సూర్యాపేటలో నాకు తెలిసిన ఒకామె వుంది, ఇంట్లో మిషను కుట్టుకుంటూ పద్యం పాడుతుంది. ఎంపికలో ఆమెను శ్రుతి ఎంతని అడగడానికి ముందు “ఎవరితో వస్తవు?” అని అడిగారు. తమ్ముడితో అంటే, రెండో మనిషికి చార్జీలు ఇవ్వమన్నారు. ఒంటరిగా అంటే ఏమనేవారో ఆమె నాకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. పనిచోట వేధింపులను గురించి 2013లో వచ్చిన చట్టం కింద అసంఘటిత రంగంలోని స్త్రీలు ఫిర్యాదు చేసుకోవడానికి జిల్లాకొక స్థానిక కమిటీ వుండాలి. ఆ కమిటీ ముందు నిలబడి ఈమె తన పనిచోటు ఏదని చెప్పాలి? ఆ రాత్రికి లేచి తెల్లవారేసరికి విప్పేసే పందిరా?

ఎంపికలు లేని నాటకమూ మనకు వుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన సురభి నాటకాలలో పాత్రకు పరీక్ష లేదు, పుట్టుకే ప్రవేశం. ఉయ్యాలలోని బిడ్డ బాలకృష్ణుడిగా తెర మీదికి వస్తుంది. చిందు యక్షగానం ఒక కులం చేతిలో తరతరాలుగా వుంది. ఏ ఊళ్లో ఎవరు ఆడాలో, ఎవరు గింజలు పెట్టాలో పాత కట్టుబాట్లున్నాయి. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కట్టుబాట్లు భూస్వామ్య వ్యవస్థ పెట్టినవి, వాటిని చూసి మురిసిపోవలసింది లేదు. పుట్టినవాడు వదిలిపోలేడు, పుట్టనివాడు చేరలేడు. అయినా ఒక మాట నిజం. ఆ పాత కట్టులో కళాకారుడికి పాడినందుకు గింజలు అడిగే హక్కు వుండేది, ఇవ్వకపోతే ఊరి పరువు పోయేది. కంట్రాక్టరు వచ్చి కట్టును తెంచాడు, హక్కునూ తెంచాడు.

మరి మనం ఏం చేశాం? ఇది అభ్యుదయ పత్రిక గనుక, చదివేది మనవాళ్లే గనుక, ఈ మాట ఇక్కడే చెప్పాలి. 1943లో ఆంధ్ర ప్రజానాట్యమండలి పుట్టినప్పుడు మన రంగస్థలంలో ఎంపిక అనేదాని అర్థమే మారింది. గొంతు వుందా అన్నది రెండో ప్రశ్న; ప్రజల మధ్యకు వస్తావా అన్నది మొదటిది. దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు చక్రవర్తి అయ్యాడు. మోటూరి ఉదయంగారు ఆడవాళ్ల బుర్రకథ దళాన్ని నడిపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి తెలంగాణ రైతుల పోరాటాన్ని కోస్తా పల్లెలకు చూపించింది, నిషేధానికి గురయింది. ఇక్కడ, మా జిల్లాలో, సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను భూమి పోరాటానికి మలుపుకున్నాడు. తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం, 2022లో పోయేదాకా ఆమెను అందరూ తుపాకి పట్టిన మనిషిగానే తలుచుకున్నారు. కాని ఆమె మొదట ఊళ్లను కదిలించింది పాటతోనే. వీళ్లను ఎవరు ఎంపిక చేశారు? ఊరే చేసింది. శ్రుతి పెట్టెలోనుంచి రాలేదు, ఎదుట కూర్చున్నవాళ్లలోనుంచి వచ్చింది.

ఇది మన గొప్ప. దీన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నా తప్పులేదు. కాని దళాలకు అన్నం పెట్టిన ఊళ్ల మీద నిర్బంధం వచ్చినప్పుడు, 1948 తరువాత, ఆ కళాకారులు ఏమయ్యారో చూడండి. గరికపాటి రాజారావు సినిమాకు పోయి 1953లో పుట్టిల్లు తీశాడు. మిక్కిలినేని మద్రాసు చేరాడు. పేరున్నవాళ్లకు మద్రాసు దారి దొరికింది. దళంలో వంత పాడినవాడు, డోలక్ కొట్టినవాడు తిరిగి కూలికి పోయారు. ఉద్యమం వాళ్లకు వేదిక ఇచ్చింది, గౌరవం ఇచ్చింది. కళాకారుడిగా బతకడానికి ఒక సంఘాన్ని మాత్రం కట్టి ఇవ్వలేదు. హమాలీకి కట్టాం, బీడీ కార్మికుడికి కట్టాం, ఆటో నడిపేవాడికి కట్టాం. ఆ సంఘాల సభల్లో పాడేవాడికి కట్టలేదు. కళాసేవ అన్న పాత మాట తీసేసి ఉద్యమసేవ అన్నాం. ఈనాటికీ మన సభల్లో ఉపన్యాసకుడికి చార్జీలు కవరులో పెట్టి ఇస్తాం, పాటగాడికి శాలువా కప్పుతాం. అన్నకు అటువంటి శాలువాలు ఇంట్లో పదకొండు వున్నాయి.

ఉద్యమగీతం అమ్మకపు సరుకు కాదు, దానికి కూలి కట్టడం దాన్ని అవమానించడమే అని మిత్రులు అంటారు. సాయంత్రం బడి వదిలాక వచ్చి పాడే ఉపాధ్యాయుడి విషయంలో ఈ మాట చెల్లుతుంది. పాడటానికి ఒక రోజు బస్తాలు వదులుకుని వచ్చినవాడి విషయంలో చెల్లదు. అతను తన కూలిని మనకు చందాగా ఇచ్చాడు. రసీదు కూడా మనం ఇవ్వలేదు.

ప్రభుత్వం గొంతును పరీక్షించడం మరొక కథ. రేడియోలో హార్మోనియంను 1940లో నిషేధించారు, 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ మధ్యకాలంలో, 1952లో కేస్కర్ మంత్రి అయిన తరువాత, స్వరపరీక్షలూ గ్రేడులూ గట్టిగా అమలయ్యాయి. గొప్ప విద్వాంసులు కూడా తమను పరీక్షించేవారెవరని కోపగించారు. పెట్టె వెంట పాడటానికి అలవాటుపడిన పద్యగాడు ఆ పెట్టె లేని గదిలో ఎట్లా నిలబడతాడో ఊహించుకోవచ్చు. పరీక్ష ఎప్పుడూ గొంతు ఒక్కదానికే జరగదు. ఆ గదికి అలవాటుపడ్డావా లేదా అన్నదానికి కూడా జరుగుతుంది.

తెలంగాణ వచ్చిన తరువాత 2014లో సాంస్కృతిక సారథిని పెట్టారు. 2002లో కామారెడ్డిలో మొదలయిన ధూం ధాం ఆటపాటలనుంచి వచ్చిన రసమయి బాలకిషన్ దానికి మొదటి చైర్మన్. 2024లో గద్దర్ కుమార్తె వెన్నెలను ఆ పదవిలో నియమించారు. 550 మంది కళాకారులకు నెల జీతాలు వచ్చాయి. దీన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను కలవను. పాటగాడి ఇంటికి నెల మొదట్లో జీతం రావడం చిన్న విషయం కాదు. పిల్ల ఫీజు కట్టడానికి వడ్డీవ్యాపారి దగ్గరికి పోనవసరం లేకపోవడం విప్లవం కాకపోవచ్చుగాని బతుకు. కాని రెండు సంగతులు జరిగాయి. లోపలికి పోయినవాళ్ల పాట పథకాల ప్రచారానికి కుదువపడింది. రోడ్ల మీద ప్రశ్నగా పుట్టిన పాట జవాబుగా మారింది. బయట వున్నవాళ్లు, అంటే ఉద్యమంలో అంతే దుమ్ము తిన్నవాళ్లు, 550 కి పక్కన లెక్కలేని వరసలో మిగిలిపోయారు. జీతమున్నవాడు ఇటు, పిలుపు కోసం చూసేవాడు అటు. ఇద్దరూ ఒక సంఘంలో కలిసి కూర్చోగల మనుషులే. కూర్చోవడానికి ఇప్పుడు కారణాలు వేరువేరు అయ్యాయి.

సంఘం కడితే అన్నీ తీరుతాయని కాదు. అమెరికాలో నటుల సంఘం ఈక్విటీ 1913లో పుట్టింది. అంతకుముందు అక్కడి నటులు వారాల తరబడి జీతం లేకుండా రిహార్సల్సు చేసేవారు, దుస్తులు సొంత ఖర్చుతో కుట్టించుకునేవారు. 1919 ఆగస్టు 7న న్యూయార్క్ నాటకశాలల్లో సమ్మెకు దిగి, వాద్యగాళ్లూ తెరలు లాగేవాళ్లూ కూడా తోడు నిలవగా, నెల రోజుల్లో గెలిచారు. సంగీత నాటకాల్లో వరసలో నిలబడి ఆడిపాడే కోరస్ అమ్మాయిలు ఆ సమ్మెలోనే తమ సంఘం కట్టుకున్నారు. ఇంత చరిత్ర వున్న చోట కూడా, సంఘంలో లేని నటుడు చాలాకాలం తెల్లవారుజామున వచ్చి కాగితం మీద పేరు రాసుకుని, సభ్యులందరినీ చూసిన తరువాత పొద్దు మిగిలితే లోపలికి పోయేవాడు. సభ్యత్వం కావాలంటే పని వుండాలి, పని కావాలంటే సభ్యత్వం వుండాలి. 2021లో గాని, వృత్తిగా వేదిక మీద కూలికి పనిచేసిన ప్రతివాడూ చేరవచ్చునని తలుపులు తెరవలేదు. 1975లో అక్కడ వచ్చిన ఏ కోరస్ లైన్ అనే సంగీత నాటకం మొత్తం ఈ ఎంపిక వరసను గురించినదే. కోరస్‌లో ఆడే నర్తకులు తమ జీవితాలను టేపు ముందు చెప్పుకున్నారు, వాటినుంచి నాటకం అల్లారు. ఆ కథల హక్కులకు మొదట వాళ్ల చేతిలో పెట్టింది తలా ఒక డాలరు. నాటకం విజయవంతమయ్యాక గాని వాళ్లకొక వాటా రాలేదు. అన్నకు ఈ సంగతి చెబితే ఆయన మొదట అడిగింది “కొబ్బరికాయ ఇయ్యలేదా?” అని.

ఈ సంక్రాంతి సెలవుల్లో మిర్యాలగూడలో, హమాలీ సంఘం ఆఫీసులో, తొమ్మిదిమంది కూర్చున్నారు. సంఘం రిజిస్ట్రేషనుకు 1926 చట్టం ఏడుగురు చాలునన్నది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలుకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడులోనూ దరఖాస్తు పెట్టడానికి ఏడుగురే. కాని ఆ సంస్థలోనో ఆ పరిశ్రమలోనో పనిచేసేవాళ్లలో పదోవంతుగాని, వందమందిగాని, ఏది తక్కువయితే అంతమంది సభ్యులుండాలి. జాతర నాటకానికి సంస్థ ఏది? పదోవంతు ఎవరిలో? యజమాని ఎవరు - చందా ఎత్తిన కమిటీయా, కంట్రాక్టరా, గుడి ధర్మకర్తలా? ఒక గంట దీని మీదనే గడిచింది. పంతులుగారు సొసైటీగా రిజిస్టరు చేద్దామన్నాడు. సొసైటీ అయితే శాలువాలు కప్పుకోవడానికే పనికొస్తుందని అన్న కొట్టివేశాడు.

తరువాత హార్మోనిస్టు సంగతి వచ్చింది. ఆయన మనవాడా, అవతలివాడా? ఎంపికలో చేయి ఎత్తి ఆపేది ఆయనే. కాని తెల్లవారేదాకా పెట్టె వాయించి, ఆయన కూడా వారం రోజులు డబ్బుకు తిరిగేవాడే. చేర్చుకోవాలని అయిదుగురు, వద్దని నలుగురు. చంద్రమతి పాత్ర ధరించే ఆమె చేర్చుకుంటేనే తాను వస్తానన్నది. ఆయన లేకుండా ఈ మాటలు ఏ గదిలోనూ నడవవని ఆమె వాదన. అది తేలకుండానే రెండు షరతులు రాసుకున్నారు: ఎంపికకు వచ్చినవాళ్లందరికీ, పాత్ర దొరికినా దొరకకపోయినా, రాను పోను చార్జీలు; ఒప్పుకున్న మొత్తం ఎంపిక రోజునే చెప్పి, సగం ముందుగా ఇవ్వడం. ఎవరి శ్రుతిలో వాళ్లను పాడనివ్వాలని ఆటో నడిపే కుర్రవాడొకడు మూడోది రాయించబోయాడు. అది ఇప్పుడు వద్దన్నారు.

వచ్చే ఎంపిక హుజూర్‌నగర్‌లో. ఆ గదిలో మొదట ఎవరు నోరు తెరవాలన్నది ఇంకా తేలలేదు. సారు గనుక నన్ను అడగమంటున్నారు. నేను అన్న అడగాలంటున్నాను. ఆయన మిల్లర్లతో మాట్లాడేటప్పుడు మొదట ఏ మాట అంటాడో నేను విన్నాను. బస్తాకు బదులు పద్యం అంటే చాలు, మిగతా మాటలన్నీ అట్లాగే వుంచవచ్చు.